పంపిన తేదీకి గడి లేని రిజిస్టరు

1986 సెప్టెంబరు 25, గురువారం మద్రాసులో విమానం ఎక్కాను. అక్టోబరు 13, సోమవారం తిరిగి అక్కడే దిగాను. పోయిన రోజూ వచ్చిన రోజూ కలిపితే పంతొమ్మిది రోజులు. వెళ్లేటప్పుడు నా వెంట రెండు సామాన్లు: పన్నెండు కిలోల బట్టల సూట్‌కేసు, ఇరవై ఒక్క కిలోల రేకు పెట్టె. వచ్చేటప్పుడు రేకు పెట్టె లేదు. ఆ పెట్టె కోసమే ఈ ప్రయాణం జరిగింది కాబట్టి ముందు దాని సంగతి చెబుతాను.

మా సంఘానికి బాపట్లలో తుది విచారణ సభ ఒకటి ఉంది. ఏ ఊరి చర్చిలోనైనా పెద్దలు ఒకరిని ప్రభువు బల్లకు దూరం పెట్టినా, సభ్యుల పట్టీలో పేరు కొట్టేసినా, ఆ మనిషి మొర పెట్టుకోవలసిన ఆఖరి చోటు అదే. ఏడుగురు పెద్దలు కూర్చుని కాగితాలు చదివి తీర్పు చెబుతారు. బాలికల హైస్కూల్లో లెక్కలు చెప్పిన నేను 1972 నుంచి ఆ సభకు రికార్డు కార్యదర్శిని. మావాళ్లు అమెరికాలో నాలుగు చోట్ల చర్చీలు పెట్టుకున్నాక వాళ్ల అప్పీళ్లు కూడా సముద్రాలు దాటి బాపట్లకే వచ్చేవి. ఇక రానక్కర్లేదని ఈ ఏడాది నిర్ణయమైంది. అమెరికా వాళ్లకు అమెరికాలోనే తుది సభ. వాళ్ల రిజిస్టర్లు, ఫైళ్లు, ముద్ర అప్పగించి రమ్మని నన్ను పంపారు.

ఈ మార్పు నాకు నచ్చలేదు. అలా నచ్చకపోవడం నాకు తగదని కూడా తెలుసు. మా నాన్నగారు ప్లీడరు గుమాస్తా. ఆయన రోజుల్లో పెద్ద దావాలు ఆఖరికి లండన్‌లో ప్రివీ కౌన్సిలుకు వెళ్లేవి. ఆయన కుట్టిన ఒక కాగితాల కట్ట అక్కడికి వెళ్లి తీర్పుతో తిరిగొచ్చేసరికి దావా వేసిన రైతూ లేడు, ఎదుటి రైతూ లేడు. 1949లో లండన్‌కు అప్పీళ్లు ఆగిపోయినప్పుడు నాన్నగారు వీధి అరుగు మీద అందరికీ బెల్లం పంచారు. "బాపట్ల గట్టు తగువు లండన్ వాడికేం తెలుస్తుందమ్మా" అన్నారు. నాకప్పుడు ఇరవై తొమ్మిదేళ్లు. నేనూ ఆ బెల్లం తిన్నాను.

న్యూయార్కు

కస్టమ్స్‌లో రేకు పెట్టె తెరిపించినామె నా వయసులో సగం ఉంటుంది. రెండు రిజిస్టర్లు, ముప్పై ఏడు ఫైళ్లు, ఇత్తడి ముద్ర, ఆరు లక్క కడ్డీలు బల్ల మీద పేర్చింది. లక్క కడ్డీని వాసన చూసి తినేదా అని అడిగింది. కాదన్నాను. వీటి విలువెంత అంది. అమ్మితే ఏమీ రాదన్నాను. నవ్వి, ఎలా తీసిందో అలాగే సర్దిపెట్టింది. మన కస్టమ్స్‌లో అయితే నేనే సర్దుకోవాలి.

సూట్‌కేసులో ఎండు రొయ్యలు మాత్రం వదల్లేదు. చీరాల సంతలో బేరమాడి పద్దెనిమిది రూపాయలకు కొన్న అరకిలో రొయ్యలు ఆమె చెత్తబుట్టలోకి వెళ్లాయి. ఆ వాసన ఇంకా చీరల్లోనే ఉండటంతో రెండు రోజులు నా పక్కన కూర్చున్నవాళ్లు అటూ ఇటూ చూశారు.

క్యారీ

నార్త్ కరొలినాలోని ఈ ఊళ్లో ప్రభుదాసు ఇంట్లో నాలుగు రోజులున్నాను. మందుల కంపెనీలో కెమిస్టు. అతని కూతురు రెబెకాకు తొమ్మిదేళ్లు. మొదటి పొద్దున ఆ పిల్లే నాకు పాన్‌కేక్ పెట్టింది. దిబ్బరొట్టెను దిబ్బరొట్టె కాకుండా మెత్తగా చేసి మీద పల్చని పాకం పోస్తే ఎలా ఉంటుందో అలా ఉంది.

"అమ్మమ్మా, మీరు జడ్జా?" అంది.

"కాదమ్మా. జడ్జీల కాగితాలు దాచేదాన్ని."

"వాళ్లు పోగొడతారా?"

"నేనుండగా ఒక్కటీ పోలేదు."

"దెన్ యూ ఆర్ ద బాస్," అని తేల్చేసింది. వాళ్ల నాన్న నవ్వాడు. నాకు కొంచెం గర్వంగానే అనిపించింది.

ఆ ఊళ్లో రోడ్లున్నాయి గానీ నడిచే మనుషులు లేరు. పొద్దున చీర కట్టుకుని చెప్పులేసుకుని నడకకు బయల్దేరితే నలభై నిమిషాల్లో మూడు కార్లు ఆగాయి. ముగ్గురూ ఒకటే అడిగారు, దారి తప్పారా అని. మూడో ఆవిడ నన్ను ఎక్కించుకుని ఇంటి దగ్గర దింపే దాకా వదల్లేదు. మన దగ్గర ఒక ముసలావిడ నడుస్తుంటే ఎవరింటికని అడుగుతారు. తప్పిపోయిందనుకోరు.

శనివారం చర్చివాళ్లు నలుగురు నన్ను చూడటానికి వచ్చారు. బంగాళాదుంపల కూర, పప్పు, కోడిగుడ్ల పులుసు. అక్కడ డజను గుడ్లు డాలరు కన్నా తక్కువే. డాలరు పన్నెండున్నర రూపాయల లెక్కన గుడ్డు రూపాయి లోపే పడుతుందని నేను లెక్క కడుతుంటే ప్రభుదాసు అందుకున్నాడు.

"టీచరమ్మగారూ, మా గిటార్ కేసు గుర్తుందా?"

ఎందుకు గుర్తుండదు. 1983లో రెండో అప్పీలు. ఆరాధనలో గిటారు వాయించినందుకు ఒక కుర్రాణ్ని పాటల బృందం నుంచి తీసేశారు. సభ ఆ తీర్పు రద్దు చేసింది.

"మీ జడ్జిమెంట్ లెటర్ వచ్చేటప్పటికి వాడు జాబ్ చేంజ్ అయి టెక్సాస్ మూవ్ అయిపోయాడండి. గిటార్ కూడా అమ్మేశాడు. మేమంతా నిలబడి మీ లెటర్ చదివి, ఎవరికి చెప్పాలో తెలీక ఆమెన్ అని కూర్చున్నాం!"

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆ రాత్రి పడుకునే ముందు లెక్క వేశాను. ఉత్తరం చేరడానికి రెండు వారాలు, సభ మూడు నెలలకోసారి కూర్చుంటుంది, జవాబుకు మళ్లీ రెండు వారాలు. నాలుగు నెలలు. అంతకన్నా త్వరగా ఎలా కుదురుతుందని నాలో నేనే వాదించుకున్నాను. నాన్నగారి బెల్లం మాత్రం గుర్తు రాలేదు.

నేపర్‌విల్

అక్టోబరు 2న షికాగో చేరాను. అక్కడికి దగ్గర్లోని నేపర్‌విల్‌లో జాన్ ప్రసాద్ ఇంట్లో బస. టెలిఫోన్ల ప్రయోగశాలలో ఇంజనీరు, ముప్పై ఎనిమిదేళ్లవాడు. కొత్త తుది సభకు కార్యదర్శి, అంటే నా తర్వాతివాడు. పొద్దున రైలెక్కి షికాగో వెళ్లే మగవాళ్లంతా ప్లాట్‌ఫారం మీద రోజూ ఒకే చోట నిలబడతారని చూపించాడు. తలుపు సరిగ్గా వాళ్ల ముందే ఆగుతుంది. ఆ ఊరు నాకు అక్కడే నచ్చింది.

అక్టోబరు 5, ఆదివారం. అక్కడ మన చర్చికి సొంత కట్టడం లేదు. పొద్దున తెల్లవాళ్లు ఆరాధించుకున్న చర్చి నేలమాళిగలో మధ్యాహ్నం మూడింటికి మనవాళ్ల ఆరాధన. తర్వాత అప్పగింతల కాగితం పైకి చదివాను. దాన్ని రాసింది నేనే. మూడో షరతు: బాపట్లలో ఇదివరకే తేలిన తీర్పులు తిరిగి తెరవరాదు. నాలుగో షరతు: ఈ రోజు నుంచి అమెరికా సభ్యుల విషయం ఏదీ బాపట్ల సభ విచారించదు, బాపట్ల ఆస్తుల విషయం ఏదీ అమెరికా సభ విచారించదు. పెండింగులో ఉన్న అప్పీళ్లు: ఏవీ లేవు. ఆ ఆఖరి మాట చదివేటప్పుడు కొంచెం ఆగి చదివాను. చప్పట్లు కొట్టారు. సంతకం పెట్టి ముద్ర జాన్ ప్రసాద్ చేతిలో పెట్టాను.

తర్వాత ప్రభువు బల్ల. అందరూ వరుసగా వచ్చి రొట్టె, ద్రాక్షరసం తీసుకున్నారు. వంటగది తలుపు దగ్గర నీలం చీరలో ఒకావిడ మాత్రం కదల్లేదు. పొయ్యి మీద అన్నం ఉందేమో అనుకున్నాను.

ఆవిడ వడ్డించిన గోంగూర కోడికూర గురించి రాయకపోతే తప్పవుతుంది. గోంగూర ఎవరి పెరట్లోనో పండించి ఎండాకాలంలో కోసి ఫ్రిజ్జులో గడ్డకట్టించినదట. బాపట్ల దాటాక పదకొండు రోజులకు నాలుక్కి పులుపు తగిలింది. రెండోసారి అడిగి వేయించుకున్నాను.

"మీ పేరేంటమ్మా?" అన్నాను.

"సులోచన అంటారండి. నర్సుని. రేపు నాకు ఆఫ్. పోస్టాఫీసుకో షాపుకో వెళ్లాలంటే చెప్పండి, నేను డ్రైవ్ చేస్తాను."

జాన్ ప్రసాద్ భార్య ఏదో అనబోయి ఆగిపోయింది. అప్పుడు నేను పట్టించుకోలేదు.

పోస్టాఫీసు

అప్పగింత పూర్తయిందని బాపట్ల సభాపతిగారికి ఉత్తరం రాసి, సోమవారం పదింటికి సులోచనతో పోస్టాఫీసుకు వెళ్లాను. వరుసలో మా ముందు ఐదుగురు. ఒక్కరూ తోసుకోలేదు. కౌంటరు ఆయన కవరు తూచి, "ఎయిరా, సర్ఫేసా?" అని అడిగాడు. నేను నోరు తెరిచే లోపే సులోచన "ఎయిర్" అంది, కౌంటరు ఆయన ఉలిక్కిపడేంత గట్టిగా. నలభై నాలుగు సెంట్లు. ఐదున్నర రూపాయలు.

కారులో కూర్చున్నాక అడిగాను. "సర్ఫేస్ అంటే?"

"ఓడలో వెళ్తుందండి. ఎయిర్ అని చెప్పుకోవాలి. నేనొకసారి చెప్పలేదు."

"ఎప్పుడు?"

"సెవెంటీ ఎయిట్ ఫిబ్రవరిలో." కారు ఇంకా కదలనే లేదు, అయినా రెండు చేతులూ స్టీరింగు మీదే ఉంచింది. "మీకే పంపానండి టీచరమ్మగారూ."

1978లో అమెరికా నుంచి మాకు మూడు అప్పీళ్లు వచ్చాయి. రెండు విచారించాం. మూడోది గడువు దాటి వచ్చింది. ఫలితం గడిలో "గడువు దాటినది, పరిశీలించలేదు" అని రాసింది నేను. పేరు గడిలో ఉన్నది గ్రేస్ సులోచన.

"ఆ జవాబు రాసింది నేనే," అన్నాను.

"తెలుసండి. కింద మీ సంతకం ఉందిగా. గుండ్రంగా, ముత్యాల్లా ఉంటాయి మీ అక్షరాలు. ఎనిమిదేళ్లుగా చూస్తున్నాను." కారు స్టార్ట్ చేసింది. "మా ఇంటికొచ్చి టీ తాగుతారా? లేకపోతే జాన్ వాళ్లింట్లో దించేస్తాను. మీ ఇష్టం."

టీ తాగుతానన్నాను.

సులోచన ఇల్లు

రెండు గదుల అపార్ట్‌మెంటు, మూడో అంతస్తు. కుట్టు మిషను పక్కన అలమరలో అడుగు పొడవు కూడా లేని చెక్క పెట్టె. దాని మీద తెల్లటి లేసు గుడ్డ. ఆ అల్లిక ఎవరిదో నాకు చూడగానే తెలిసింది. మా ఊళ్లో ఇల్లిల్లూ తిరిగి వాక్యం చెప్పిన బైబిలు స్త్రీ దీవెనమ్మది. అంచున గోధుమ కంకి అల్లేది ఆవిడొక్కతే.

సులోచన చెప్పింది రాస్తున్నాను. భర్త రత్నం 1978 జనవరి 7న గుండె ఆగి పోయాడు. దీవెనమ్మ అతని అక్క. తల్లి లేని తమ్ముణ్ని ఆవిడే పెంచింది. బాపట్లలో మన సమాధుల తోటలో అక్క తమ ఇద్దరికీ రాయించి ఉంచిన చోట, ఆవిడ పక్కనే పడుకోవాలని అతను ఎప్పుడూ అనేవాడట. శవాన్ని విమానంలో పంపాలంటే అయ్యే ఖర్చు ఆమెకు ఏడాది జీతం. దహనం చేస్తే బూడిద చేత్తో పట్టుకెళ్లి పాతిపెట్టవచ్చని ఆసుపత్రిలో ఎవరో చెప్పారు. దహనం చేయించింది. ఆ బూడిదే అలమరలోని పెట్టెలో ఉంది.

మావాళ్లలో దహనం లేదు. మట్టిలోనే పెట్టాలి. నేపర్‌విల్ పెద్దలు మూడు వారాలు చర్చించి, జనవరి 29 ఆదివారం ఆమె పేరు పట్టీలోంచి తీసేసినట్టు ఆరాధనలో చదివారు. సభ్యత్వం పోయినవాళ్ల కుటుంబానికి సమాధుల తోటలో చోటు లేదు. తుది సభ ఆ తీర్పు కొట్టేస్తేనే రత్నం ఆ చోటికి చేరగలడు. అప్పీలుకు అరవై రోజుల గడువు.

"కట్ట బరువుగా ఉందండి. డాక్టర్ లెటరు, డెత్ సర్టిఫికేటు, అన్నీ పెట్టాను. పోస్టాఫీసాయన సర్ఫేస్ అయితే సిక్స్ వీక్స్ అన్నాడు. ఉన్నదంతా ఫ్యూనరల్ హోమ్‌కి ఇచ్చేశాను. నలభై రెండు రోజులు కదా, ఇంకా టైముంటుందిలే అనుకున్నాను."

లెక్క తప్పు కాదు. ఆ స్థితిలో నేనైనా అదే లెక్క వేసేదాన్ని.

"మరి ఆదివారాలు చర్చికొచ్చి వండుతావెందుకమ్మా?"

"బల్ల దగ్గరికి రావద్దన్నారు. పొయ్యి దగ్గరికి రావద్దని తీర్పులో లేదుగా?" అంది. నవ్వింది కూడా. "ఎనిమిదేళ్లు నా చేతి కూర తిని ఒక్కరూ అపవిత్రమయిపోలేదండి. మీరు నిన్న రెండుసార్లు వేయించుకున్నారు."

టీలో చక్కెర ఎక్కువైంది. పూర్తిగా తాగాను.

ఆమెకు చెప్పని సంగతి ఒకటుంది, ఇక్కడ చెబుతాను. ఆ ఫిబ్రవరి, మార్చి నెలల్లో దీవెనమ్మ వాక్యం చెప్పే పని ముగించుకుని మా ఆఫీసు వరండాలో కూర్చునేది. 77 ఉప్పెనకు పెంకులు లేచిపోయి, కొత్తవి ఇంకా సగమే వేశారు. ఎండలోనే కూర్చునేది. "అమ్మా, అమెరికా కాగితం వచ్చిందా?" "రాలేదు దీవెనమ్మా." మార్చి 30 అరవయ్యో రోజు. సాయంత్రం ఐదింటికి గదికి తాళం వేస్తుంటే లేచి నిలబడింది. "రేపొస్తే తీసుకుంటారా అమ్మా?" అంది. "రేపటితో పని లేదు," అన్నాను. నిబంధన చెప్పాననుకున్నాను. ఆవిడ 1982 ఆగస్టులో పోయింది. పక్కన చోటు తమ్ముడి కోసం అట్టేపెట్టించే పోయింది.

కవరు

ఆ సాయంత్రం ఆఫీసు నుంచి రాగానే జాన్ ప్రసాద్‌ను రేకు పెట్టె తెరవమన్నాను. అతను చూస్తుండగా 1978 మూడో ఫైలు తీశాను. నేను దేన్నీ పారెయ్యను. కవరు కూడా అప్పీలు వెనకే గుండుసూదితో గుచ్చి ఉంది. దాని మీద నేపర్‌విల్ పోస్టు ముద్ర: ఫిబ్రవరి 9. తీర్పు చదివిన పదకొండో రోజు. మా ఆఫీసు ముద్ర: మే 6. తొంభై ఏడో రోజు. ఎనభై ఆరు రోజులు ఆ కట్ట సముద్రం మీదా రేవుల్లోనూ ఉంది.

నా రిజిస్టరులో గడులు ఆరు. వరుస సంఖ్య, పేరు, ఊరు, తీర్పు చదివిన తేదీ, అప్పీలు చేరిన తేదీ, ఫలితం. పంపిన తేదీకి గడి లేదు. ఆ గడులు గీసిన కాలంలో అప్పీలుదారు కర్లపాలెంలోనో పొన్నూరులోనో బస్సెక్కి కాగితం చేతికిచ్చి మళ్లీ బస్సెక్కేవాడు. పంపిన రోజూ చేరిన రోజూ ఒకటే. అమెరికా అప్పీళ్లు మొదలైనప్పుడు అవే గడులతో కొత్త రిజిస్టరు గీశాను. స్కేలు పెట్టి, ఎర్ర సిరాతో, చాలా శుభ్రంగా గీశాను.

"దీన్ని మళ్లీ తెరవండి," అన్నాను.

జాన్ ప్రసాద్ అప్పగింతల కాగితం తీసి నా ముందు పెట్టాడు. "అమ్మగారూ, క్లాజ్ త్రీ మీరే డ్రాఫ్ట్ చేశారు. నిన్నే చదివారు. పాతవి రీఓపెన్ చేయకూడదని."

"చేశాను. తప్పు చేశాను."

"మీరు నిన్న సైన్ చేసే ముందు చెప్పుంటే మార్చేవాళ్లం. ఇప్పుడు నాలుగు చర్చీలు సైన్ చేశాయి." తర్వాత అన్నాడు. "కొత్తగా అప్లై చేయమనండి. పాత కేసు కాకుండా, ఫ్రెష్ మెంబర్‌షిప్. అది మేం వినొచ్చు. వెడ్నెస్‌డే అందరం కూర్చుంటున్నాం."

బుధవారం

ఐదుగురు సభ్యులు జాన్ ప్రసాద్ ఇంటి భోజనాల బల్ల చుట్టూ కూర్చున్నారు. సులోచన ఆసుపత్రి నుంచి తెల్ల యూనిఫాంలోనే వచ్చింది. "కూర్చోండి సిస్టర్," అన్నారు. మా సభలో అప్పీలుదారుకు కుర్చీ లేదు. ఎదుట నిలబెట్టడమూ లేదు. అసలు రానే రారు.

"ఎందుకు క్రిమేషన్ చేశారో మీ మాటల్లో చెప్పండి."

ఆమె చెప్పింది. గడియారం చూసుకున్నాను, అది నా అలవాటు. ఇరవై రెండు నిమిషాలు. పద్నాలుగేళ్లు అప్పీళ్ల కాగితాలు దాచిన నేను ఒక అప్పీలుదారు తన మొర నోటితో చెప్పుకోగా వినడం అదే మొదలు. సభ్యుల్లో పెద్దాయన కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. 1978లో ఆమె పేరు కొట్టేసిన పెద్దల్లో తనూ ఒకడినని ఆయనే చెప్పాడు. "ఆ రోజు నువ్వు ఏడుస్తున్నావని మేం ఏమీ అడగలేదమ్మా. అడిగుండాల్సింది."

పదే నిమిషాల్లో తేల్చారు. వచ్చే ఆదివారం నుంచి సులోచన ప్రభువు బల్లకు రావచ్చు. లండన్ వాళ్లు చేయలేనిది బాపట్ల చేస్తుందని మా నాన్నగారు బెల్లం పంచారు. బాపట్లలో నేను ఎనిమిదేళ్లు చేయలేనిది ఒక భోజనాల బల్ల ముప్పై రెండు నిమిషాల్లో చేసింది.

"మరి ఆయన సంగతి?" అంది సులోచన.

జాన్ ప్రసాద్ నా వంక చూశాడు. నాలుగో షరతు. బాపట్ల సమాధుల తోట వాళ్ల చేతిలో లేదు.

"పెట్టె నాకివ్వమ్మా," అన్నాను. "శనివారం నాతో పట్టుకెళ్తాను. సభ ముందు నేను మాట్లాడతాను."

ఆమె ఆలోచించింది. "పర్మిషన్ లెటర్ ముందు పంపండి టీచరమ్మగారూ. అది లేకుండా తీసుకెళ్తే, వాళ్లు కాదంటే మీరేం చేస్తారు? ఏ చీకట్లోనో పాతిపెడతారు. ఆయన్ని దొంగలా పాతిపెట్టనండి."

శనివారం విమానాశ్రయానికి ఆమే దింపింది. దారిలో టిఫిను డబ్బా ఒకటి ఒళ్లో పెట్టింది. నిమ్మకాయ పులిహోర. "కస్టమ్స్ వాళ్లు అడిగితే విలువ లేదని చెప్పండి," అంది. న్యూయార్కు సంగతి నేనే చెప్పాను ఆమెకు.

బాపట్ల

నవంబరు 14న మా సభ కూర్చుంది. కవరు జాన్ ప్రసాద్ దగ్గరే ఉండిపోయింది కాబట్టి దాని ఫోటో నకలు చూపించాను. రెండు ముద్రలూ చూపించాను. గడి లేని తప్పు నాదన్నాను. సభాపతిగారు నకలు చూశారు, తిరిగిచ్చారు.

"తప్పు జరిగింది, కాదనం. కానీ ఆవిడ ఇప్పుడు మన పరిధిలో లేదు కదా? అక్కడి సభే ఆవిడకు తుది. మీరే సంతకం పెట్టొచ్చారు."

"తోట మనది కదండీ?"

"తోట మనది. మనిషి మనది కాదు. నాలుగో షరతు మీరే చదవండి."

చదివాను. నా వాక్యంలో ఎక్కడా సందు లేదు. అంత జాగ్రత్తగా రాశాను. ఏడుగురిలో ఇద్దరు నా వైపు చేతులెత్తారు. సరిపోలేదు.

సులోచనకు ఉత్తరం రాయడానికి నాకు మూడు రోజులు పట్టింది. జవాబు మూడు వారాలకు వచ్చింది, విమానంలో. కవరు మీద తేదీ ముందు చూశాను. అక్కడి సమాధుల తోటలోనే ఒక చిన్న చోటు తీసుకుందట. నేల ఇప్పుడు గడ్డకట్టి ఉంది, ఏప్రిల్‌లో తవ్వుతారు, సభవాళ్లు ఐదుగురూ వస్తామన్నారు, పెద్దాయన ప్రార్థన చేస్తానన్నారు. లేసు గుడ్డ పెట్టెతోపాటే పెడుతుందట. చివర ఒక వాక్యం: "మా వదిన పక్కన ఉంచిన చోటు ఇక ఎవరికైనా అవసరమైతే ఇచ్చేయండి."

డిసెంబరు 9న సమాధుల తోటకు వెళ్లాను. దీవెనమ్మ రాయి తుమ్మచెట్టు దిక్కున ఉంది. పక్కన ఆరడుగుల పొడవు, రెండున్నర అడుగుల వెడల్పు చోటు. గడ్డి పెరిగింది. తోట కాపరి యేసోబు నా చేతిలో ఉత్తరం చూసి తన పుస్తకం తెచ్చాడు. ఏ చోటు ఎవరిది, ఎప్పటి నుంచి, అన్నీ అందులో ఉంటాయి. ఆ గడులూ నేనే గీసిచ్చాను, 1974లో.

"రత్నం పేరు కొట్టెయ్యమంటారామ్మా?"

"కొట్టెయ్యి."

"చోటు ఖాళీ అయిన తేదీ రాయాలిగా. ఇవాళ్టిది వెయ్యనా?"

"కాదు. 1978 మే 6 అని వెయ్యి."

పెన్ను ఆపాడు. "ఆ రోజు ఏమైందమ్మా? ఎవరన్నా పోయారా?"

"కాగితం చేరింది," అన్నాను. "వెయ్యి యేసోబూ."

వేశాడు. పుస్తకం తిప్పి తేదీ సరిగ్గా పడిందో లేదో చూసుకున్నాను.